వాన పడితే బల్ల కింద దూరే పిల్లాడు: మా అక్కలకు ఏం నేర్పాలి?

నమస్తే అండీ. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మొన్న వానాకాలంలో గోడ కూలి తండ్రి పోయిన ఆరేళ్ల బాబు మా అంగన్‌వాడీ పక్కింట్లోనే ఉంటాడు. రేకుల మీద చినుకు పడితే చాలు, పలక పట్టుకుని బల్ల కిందకు దూరిపోతాడు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు, దానికి నేనేమీ అనను. కానీ వచ్చిన ప్రతివాళ్లూ "ఆ రోజు ఏమైందిరా?" అని వాడి చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తున్నారు. మా కార్యకర్తలూ అంతే, పాపం, ప్రేమతోనే.

12 మంది అంగన్‌వాడీ, ఆశా అక్కలకు రెండు రోజుల శిక్షణ పెడదామనుకుంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో 'చూడు, విను, కలుపు (అంటే సాయం చేసేవాళ్లతో కలపడం)' అనే పద్ధతి ఉంది. జరిగింది చెప్పమని బలవంతపెట్టొద్దని అందులోనూ రాశారు. అది చదివి వినిపిస్తే మధ్యాహ్నానికి సగం మంది కునుకు తీస్తారు.

నాటకంలా చేయించి నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ లక్షణాలు కనిపిస్తే డాక్టరు దగ్గరకు పంపాలో వాళ్లకు ఎలా చెప్పారు? మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416 నంబరు గోడ మీద రాయించాం. మా సవర ఇళ్లలో తెలుగూ ఒడియా రెండూ అంతంతమాత్రమే కాబట్టి, మాటలు తక్కువగా, బొమ్మలు ఎక్కువగా ఉన్న పాఠాలుంటే ఇంకా మేలు.