ఎర్రగా కాలిన కమాన్ పట్టీని మాగ్నెట్ ఎందుకు లాగదు?

ఆటోనగర్ కొలిమి:
బెజవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీల పని మాది. పట్టీ ఎర్రగా కాలాక మా మేస్త్రీ పాత స్పీకర్ మాగ్నెట్‌ని తీగకు కట్టి దగ్గర పెడతాడు. లాగకపోతే "ఇంకాస్త కాగనిచ్చి ఆయిల్లో వెయ్" అంటాడు. అదే పట్టీ చల్లారాక టప్పున అతుక్కుంటుంది. ఇనుము కరగలేదు కదా, ఆ గుణం ఎటు పోయి ఎలా తిరిగొస్తోంది?

గుంటూరు ఫిజిక్స్ మాష్టారు:
తమ్ముడూ, ఇనుములో ప్రతి పరమాణువూ ఎలక్ట్రాన్ల స్పిన్ (పుట్టుకతోనే ఉండే ఓ తిరుగుడు లాంటి గుణం) వల్ల ఓ బుల్లి అయస్కాంతం. కాలినా అది పోదు. అన్నీ ఒకే వైపు నిలబడే కట్టు మాత్రం వేడికి తెగిపోతుంది. శుద్ధమైన ఇనుముకి ఆ హద్దు 770 డిగ్రీలు, క్యూరీ ఉష్ణోగ్రత అంటాం.

ఇంతవరకూ ఇంటర్ పుస్తకంలోనే ఉంటుంది. ఆ కట్టు దేనిదన్నదే అసలు సంగతి. బుల్లి అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయనుకుంటాం. లెక్క కడితే ఆ బలం పరమశూన్యానికి (సుమారు మైనస్ 273 డిగ్రీలు) ఒక డిగ్రీ పైనే చేతులెత్తేస్తుంది! 1907లో వైస్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఇనుము లోపల ఏదో బ్రహ్మాండమైన అయస్కాంత క్షేత్రం ఉందనుకుని లెక్కలు వేశాడు, కారణం చెప్పలేకపోయాడు. 1928లో హైసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఆ కారణం చెప్పాడు. ఒకే దిక్కు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒకచోటికి చేరడాన్ని క్వాంటం సిద్ధాంతంలోని పౌలీ నియమం ఒప్పుకోదు. అవి ఎడంగా మసలుతాయి, దాంతో వాటి మధ్య విద్యుత్ వికర్షణ తగ్గుతుంది. ఇనుములో ఆ లాభం కోసమే స్పిన్‌లు ఒకే వైపు తిరుగుతాయి. అయస్కాంతాన్ని అయస్కాంతంగా నిలబెట్టేది విద్యుత్ బలం. ఎన్నిసార్లు పాఠం చెప్పినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆటోనగర్ కొలిమి:
మాష్టారూ, లాగుడు ఒక్కసారిగా పోతుందా? చల్లారిన పట్టీ తనే మాగ్నెట్ ఎందుకు అవ్వదు?

గుంటూరు ఫిజిక్స్ మాష్టారు:
ముందు నెమ్మదిగా తగ్గుతుంది, హద్దు దగ్గరికొచ్చేసరికి గబగబా సున్నా అవుతుంది. మంచు కరగడానికి కావాల్సినట్టు గుప్తోష్ణం, అంటే డిగ్రీ పెరగకుండానే మింగే అదనపు వేడి, అక్కర్లేదు. చల్లారేటప్పుడు పట్టీ లోపల చిన్న చిన్న పేటలుగా విడిపోయి, ఒక్కో పేట ఒక్కో దిక్కు చూస్తుంది. బయటికి అవన్నీ కలిసి సున్నా. మాగ్నెట్ దగ్గరికొస్తే మళ్ళీ ఒక వైపు తిరుగుతాయి.

కృష్ణలంక విద్యార్థి:
గాడోలినియం అనే లోహానికి ఈ హద్దు దాదాపు 20 డిగ్రీలే అన్నా. మన మే నెల ఎండలో మాగ్నెట్‌కి అతుక్కోదు, ఐసులో పెట్టి తీస్తే అతుక్కుంటుంది.

గుంటూరు ఫిజిక్స్ మాష్టారు:
మేస్త్రీగారి "ఇంకాస్త" కూడా సబబే. కమాన్ స్టీల్‌లో కార్బన్ ఉంటుంది. పదును రావాలంటే పరమాణువుల అమరిక పూర్తిగా మారి, కార్బన్ అంతా సమంగా కలవాలి. అందుకు మాగ్నెట్ వదిలేశాక ఇంకొంత వేడి కావాలి. స్పీకర్ మాగ్నెట్‌ని మాత్రం పట్టీకి ఆనించి ఉంచకండి. అది ఫెర్రైట్ అనే ఇనుప ఆక్సైడ్ పదార్థంతో చేసింది, దాని హద్దు సుమారు 450 డిగ్రీలు. అది దాటితే చల్లారినా దాని బలం తిరిగి రాదు.