అప్‌డేట్: పాప గొంతు నొప్పికి ఏ యాంటీబయాటిక్ అని అడిగాను కదా

మా ఆరేళ్ల పాపకి స్ట్రెప్ (ఒక రకం బ్యాక్టీరియా) వల్ల గొంతు నొప్పి, 10 రోజుల అమాక్సిసిలిన్ బదులు 3 రోజుల అజిత్రోమైసిన్ చాలదా అని అడిగాను. తిరుపతిలోనే ఇంకో పిల్లల డాక్టరుకి చూపించాం. పెన్సిలిన్ పడని పిల్లలకైతే వేరే మందు చూస్తాం, మీ పాపకి ఆ ఇబ్బంది లేదు కదా అన్నారు. అజిత్రోమైసిన్‌కి లొంగని స్ట్రెప్ క్రిములు ఉన్నాయట, పెన్సిలిన్ జాతికి (అమాక్సిసిలిన్ అందులోదే) మాత్రం ఇప్పటికీ లొంగుతాయట. అందుకే అమాక్సిసిలినే వాడాం.

మూడో రోజుకే జ్వరం పోయి, ఇడ్లీకి కారప్పొడి కావాలని పేచీ! "ఇంకెందుకమ్మా మందు" అన్నారు అత్తమ్మ. నాకూ ఆపేద్దామనిపించింది, అబద్ధమెందుకు. కానీ కోర్సు పూర్తి చేయకపోతే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినొచ్చని డాక్టరు ముందే చెప్పారు. సీసా మీద, పొడిలో నీళ్లు కలిపాక 7 రోజులే వాడాలని ఉంది, అందుకే రెండోది కొన్నాం. ఈ రాత్రితో 10 రోజులు పూర్తి.