ప్యాక్-మ్యాన్ దెయ్యాల లెక్క తెలిసినవాళ్లు కాస్త సాయం చేస్తారా?

నమస్కారమండీ. మా మేనల్లుడితో కలిసి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ప్యాక్-మ్యాన్ వీడియో గేమ్ రాస్తున్నాను. 1980లో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన ఆటని ఇప్పటికీ వదలబుద్ధి కాదంటే, నా దృష్టిలో అదంతా గళ్ల చిక్కుదారుల్లో మనల్ని (అంటే ప్యాక్-మ్యాన్‌ని) తరిమే ఆ నాలుగు దెయ్యాల చలవే.

ఎర్రటి బ్లింకీ నేరుగా మనమున్న గడికే వస్తుంది. పింకీ మనం వెళ్తున్న వైపు నాలుగు గడుల ముందుకి గురిపెడుతుంది. క్లైడ్ ఎనిమిది గడుల కంటే దూరంలో ఉంటే వెంటపడుతుంది, దగ్గరికొస్తే మాత్రం ఎడమవైపు కింది మూలకి మళ్లిపోతుంది. ఇంత చిన్న లెక్కలతోనే అవి మాట్లాడుకుని మనల్ని చుట్టుముట్టినట్టు అనిపించడం ఎంత గొప్ప పనితనమో!

చిక్కంతా లేతనీలం ఇంకీతోనే. మనకి రెండు గడుల ముందున్న చోటు తీసుకుని, బ్లింకీ నుంచి అక్కడికి గీత గీసి, అదే పొడవు ఇంకా ముందుకి సాగదీస్తే ఇంకీ గురి వస్తుంది. అది తరచూ గోడల్లోనో, చట్రం బయటో పడుతోంది. దాన్ని దగ్గర్లోని దారి గడికి జరపాలా? లేక అలాగే ఉంచి, ప్రతి మలుపులో గురికి సూటి దూరం తక్కువున్న వైపు తిప్పితే సరిపోతుందా?

ఇంకొకటి. మనం పైకి వెళ్తున్నప్పుడు పింకీ గురి నాలుగు గడులు ఎడమకి కూడా జరుగుతుంది. అసలు ప్రోగ్రాంలోని ఓవర్‌ఫ్లో (లెక్క తన హద్దు దాటి పక్క అంకెలోకి పొర్లడం) తప్పది. మావాడు సరిదిద్దుదామంటాడు, నాకేమో ఉంచాలనుంది. పాత మెషీన్ల మీద బాగా ఆడినవాళ్లు చెప్పండి, అది తీసేస్తే ఆటలో తేడా తెలుస్తుందా?