వర్డ్ పత్రంలో విలువలను ఎక్కడ భద్రపరచాలి: డాక్యుమెంట్ వేరియబుల్‌లోనా, కస్టమ్ ప్రాపర్టీలోనా?

లేఖరి:
అద్దె ఒప్పందాల నమూనాకు మాక్రో (వర్డ్‌లో పనులను తనంతట చేసే చిన్న ప్రోగ్రాం) రాస్తున్నాను. ఒకసారి అడిగి తీసుకున్న యజమాని పేరు, నెల అద్దె, ఒప్పంద తేదీ, ఇంటి హద్దులు పత్రాన్ని మూసి మళ్లీ తెరిచినా నిలిచి ఉండాలి. వీబీఏ (మాక్రోలు రాసే భాష) పబ్లిక్ వేరియబుల్ వర్డ్ మూయగానే ఖాళీ అవుతుంది. ఏ పద్ధతి మంచిది?

మాక్రోమిత్ర:
డాక్యుమెంట్ వేరియబులే, అంటే మాక్రో పత్రం లోపలే ఒక పేరుతో దాచే విలువే, మంచిది. అది మెనూల్లో ఎక్కడా కనిపించదు కనుక ఎవరూ పొరపాటున చెరపలేరు. కస్టమ్ ప్రాపర్టీలో, అంటే పత్రం వివరాల జాబితాలో మనం చేర్చుకునే అంశంలో, పాఠ్యం 255 అక్షరాలకు మించదు. నాలుగు దిక్కుల హద్దులు అందులో పట్టడం కష్టం. ఒక్క జాగ్రత్త అవసరం: ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠ్యం) ఇస్తే వేరియబులే తొలగిపోతుంది, తర్వాత దాన్ని చదవబోతే 5825 దోషం వస్తుంది.

పారదర్శి:
నేను అంగీకరించను. కనిపించకపోవడాన్ని మీరు గుణమంటున్నారు, ఒప్పంద పత్రం విషయంలో అదే పెద్ద దోషం. డాక్స్ (.docx) ఫైలు మాక్రోలను ఉంచుకోదు గాని వేరియబుల్స్‌ను లోపలి సెట్టింగ్స్.ఎక్స్ఎంఎల్‌లో ఉంచుకుంటుంది, పాత ఒప్పందాన్ని తిరగరాసి కొత్త కిరాయిదారుకు పంపినప్పుడు మునుపటి వారి పేరో, అద్దె మొత్తమో అందులో మిగిలిపోయినా పంపినవారికి తెలియదు. కస్టమ్ ప్రాపర్టీ అయితే అడ్వాన్స్‌డ్ ప్రాపర్టీస్‌లోని కస్టమ్ ట్యాబ్‌లో ఎవరైనా చూసి సరిచేయగలరు. పైగా తేదీ తేదీగానే, సంఖ్య సంఖ్యగానే నిలుస్తాయి, లిబ్రేఆఫీస్ రైటర్ కూడా వాటిని చదువుతుంది. అయితే ప్రాపర్టీ ఒక్కటే మారితే పత్రం మారినట్లు వర్డ్ గుర్తించకపోవచ్చు కనుక, మాక్రో చివర, మార్పులన్నీ భద్రమయ్యాయా అని తెలిపే ‘సేవ్డ్’ లక్షణాన్ని ‘ఫాల్స్’ చేయడం తప్పనిసరి.

మాక్రోమిత్ర:
డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్ (వ్యక్తిగత వివరాలను వెతికి తొలగించే వర్డ్ సాధనం) నడిపితే ఆ ప్రాపర్టీలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత, ఆ విలువలను పత్రంలో చూపే ఫీల్డులను అప్‌డేట్ చేస్తే పేరు ఉండవలసిన చోట దోష సందేశం వస్తుంది. దీనికి మీ సమాధానమేమిటి?

పారదర్శి:
వ్యక్తిగత వివరాలు తుడవమని కోరినప్పుడు అవి పోవడమే న్యాయం. పంపే ప్రతిలో ముందుగా ఫీల్డులన్నిటినీ ఎంచుకొని కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే అవి మామూలు పాఠ్యంగా మారతాయి, ఇక దోషానికి తావుండదు. అసలు ప్రతిలో విలువలు ఎప్పటిలాగే ఉంటాయి. హద్దుల విషయంలో 255 అక్షరాల పరిమితి నిజమే. కానీ వాటిని మరోచోట దాచవలసిన పనేముంది? ఒప్పందంలో ఎలాగూ రాస్తారు కనుక, ఆ పేరాకు బుక్‌మార్క్ (ఆ చోటును గుర్తించే పేరు) పెట్టి మాక్రో అక్కడినుంచే చదివితే సరిపోతుంది.