ఎర్రచందనమా, వేగిసా? ఎలా గుర్తుపట్టాలి?

కోడూరు రైతు:
మామిడి తోట గట్టు మీద నాటుదామని నర్సరీలో ఎర్రచందనం మొక్కలు తెచ్చాను. చాలా వాటికి మూడేసి ఆకులున్నాయి. రెండింటికి మాత్రం ఈనెకు ఆరేడు. అవి వేగిస అని మా పెదనాన్న అంటున్నాడు. పీకేయనా? రెండూ అంతరించిపోయే జాతులేనా?

శేషాచలం బాట:
పీకొద్దండీ! పెదనాన్నగారు చెప్పిందే నిజం. ఎర్రచందనానికి ఈనెకు మామూలుగా మూడు ఆకులే, గుండ్రంగా, కొసన చిన్న నొక్కుతో ఉంటాయి. వేగిసకు ఐదు నుంచి ఏడు, కాస్త పొడుగ్గా. రెండూ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. పూలు రెండింటివీ పసుపే, కాయలూ చుట్టూ రెక్క ఉన్న బిళ్లలే. ముదిరాక ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలుగా పగులుతుంది.

ఎర్రచందనం సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. ఏ జాతికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2018లో దాన్ని 'ప్రమాదానికి దగ్గర' అనే మెట్టుకు దించి, కొన్నేళ్లకే మళ్లీ 'ప్రమాదంలో ఉన్న జాతి'గా చేర్చింది. చేవ (మాను లోపలి గట్టి కర్ర) కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. దొంగలు నరికేదేమో ఆ ముదురు చెట్లనే. విత్తనం ఇచ్చేవీ అవే కదా!

తిరుపతి వాసి:
వేగిస దేశమంతా ఉంటుందిగా, దానికేం భయం?

శేషాచలం బాట:
శ్రీలంక, నేపాల్‌లలో కూడా ఉందండీ. అయినా 'ప్రమాదానికి దగ్గర' జాబితాలోనే ఉంది. షుగర్‌కు మంచిదని దాని చేవతో గ్లాసులు చేసి అమ్ముతారు. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి తేనె రంగుకు తిరుగుతాయి, ఎండలో పట్టుకుంటే నీలం మెరుస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది, కానీ చేవ కావాలంటే చెట్టు పడాల్సిందే. ఎర్ర బంక కోసం బెరడుకు గాట్లు పెట్టేవాళ్లు వేరే. ఎర్రచందనం దుంగ దొరికితే పేపర్లో వస్తుంది, వేగిస పోతే అడిగేవాడు లేడు. నా బాధంతా అదే.

కోడూరు రైతు:
ఉంచేస్తానండీ. సొంత పొలమైతే రేపు కొట్టుకోవచ్చా?

శేషాచలం బాట:
ఎర్రచందనం కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. నాటిన ఏడాది, మొక్కల లెక్క రాసి, నర్సరీ రసీదు దాచుకోండి. వేగిసకు మాత్రం చోటు ఎక్కువ వదలండి, అది ఎర్రచందనం కంటే బాగా ఎత్తు పెరుగుతుంది.