నల్ల కారును ఫోటో తీయడానికి ఏ చిన్న కెమెరా కొనాలి?

బెళ్ళందూరు నుంచి:

పెద్దలకు నమస్కారం. ఉద్యోగరీత్యా విజయవాడ నుంచి బెంగళూరుకు వచ్చి రెండు నెలలైంది. స్వార్జితంతో కొనుక్కున్న మొదటి కారు, నల్లనిది, వెంట తెచ్చుకున్నాను. దాని ఫోటోలు ఇంటికి పంపుదామని ఫోనుతో తీస్తే, ముందు భాగం బూరెలా ఉబ్బిపోయి వెనుక భాగం కుంచించుకుపోతోంది. తలుపుల మీద కారు రంగు కంటే ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. జేబులో పట్టే కెమెరా ఒకటి కొనాలని ఉంది గానీ, కొత్తదానికి లక్ష రూపాయలు పెట్టే స్తోమత లేదు. ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలో, ఏది తీసుకోవాలో దయచేసి చెప్పగలరు.

జయనగర నుంచి:

నమస్కారమండీ. మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో ఏ ఒక్కటీ మెగాపిక్సెళ్లతో తీరేది కాదు, కనుక ఆ లెక్కను పక్కన పెట్టండి.

ముందు ఉబ్బు సంగతి. ఫోనులోని ప్రధాన లెన్సు, 35 మి.మీ. ఫిల్ము కొలతల్లో చెప్పాలంటే, సుమారు 24 నుంచి 26 మి.మీ. ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు దూరపు వస్తువును పెద్దదిగా చూపుతుంది). నాలుగు మీటర్ల కారుకు అటూఇటూ కాస్త చోటు వదిలి ఐదు మీటర్ల వెడల్పును ఫ్రేములో పట్టాలంటే, 24 మి.మీ. లెన్సుతో మూడు మీటర్లు దాటి కొద్దిగా వెనక్కి జరిగితే చాలు. అంత దగ్గరగా మూలనుంచి తీసినప్పుడు, ఇవతలి హెడ్‌లైటు మీకు రెండు మీటర్లలో ఉంటే, అవతలి వెనుక దీపం దానికి రెట్టింపు కంటే దూరంలో ఉంటుంది; దగ్గరిది పెద్దదిగా కనిపించడం అందువల్లనే. అదే కారును 70 మి.మీ. వద్ద తీయాలంటే దాదాపు పది మీటర్లు, 100 మి.మీ. వద్ద పద్నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లవలసి వస్తుంది, అప్పుడు ఆ తేడా తగ్గి కారు తన అసలు ఆకారంలోకి వస్తుంది. తప్పు లెన్సుది కాదు, మనం నిలబడిన చోటుది. పొడవైన లెన్సు మనల్ని వెనక్కి నెడుతుంది, అంతే.

కనుక జూమ్ కనీసం 70 మి.మీ. వరకు, వీలైతే 100 వరకు వెళ్లే కెమెరాను చూడండి. రికో జీఆర్ 3 అద్భుతమైన కెమెరా, సెన్సర్, అంటే లోపల వెలుతురును పట్టే పలక, కూడా పెద్దది, కానీ దాని లెన్సు 28 మి.మీ. దగ్గర స్థిరంగా ఉంటుంది గనుక మీ పనికి రాదు. సెకండ్ హ్యాండ్‌లో దొరికే వాటిలో నాకు నచ్చినది 2016లో వచ్చిన క్యానన్ జీ7ఎక్స్ మార్క్ 2. దాని లెన్సు 24 నుంచి 100 మి.మీ. వరకు వెళ్తుంది, ఆ చివరన కూడా ఎఫ్/2.8 వెలుతురు ఇస్తుంది (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు), తెర పైకి వంగుతుంది. కారును నిలబడి కంటి ఎత్తు నుంచి కాక హెడ్‌లైటు ఎత్తు నుంచి తీయాలి. వంగే తెర లేకపోతే ప్రతి ఫోటోకూ మోకాళ్ల మీద కూర్చోవాలి, ఆ బాధ నా వయసులో బాగా తెలుస్తుంది. 2012 నాటి మొదటి సోనీ ఆర్‌ఎక్స్100 కూడా 100 మి.మీ. వరకు వెళ్తుంది గానీ, ఆ చివరన ఎఫ్/4.9కి పడిపోతుంది, తెర కూడా కదలదు. మూడవ తరం ఆర్‌ఎక్స్100లో వెలుతురు, తెర రెండూ మెరుగే కానీ జూమ్ 70 దగ్గర ఆగిపోతుంది.

ఈ క్యానన్, సోనీ కెమెరాలన్నిటిలోనూ ఉన్నది ఒక అంగుళం అని పిలిచే సెన్సర్. పేరుకే అంగుళం, నిజానికి అది 13.2 × 8.8 మి.మీ. మాత్రమే, అయినా చవక కాంపాక్టుల్లోని, అంటే జేబు కెమెరాల్లోని, సెన్సర్‌కు వైశాల్యంలో నాలుగింతలు ఉంటుంది, కనుక సాయంత్రపు వెలుతురులో నలుపు రంగు మచ్చలు మచ్చలుగా తేలదు.

ఇక బాల్కనీల సంగతి. దీనికి మందు పోలరైజర్ ఫిల్టరు. పెయింటు పైపూత మీదా, అద్దం మీదా పడే ప్రతిబింబాన్ని అది చాలావరకు కోసేస్తుంది. క్రోము పట్టీల మీద మాత్రం దాని ఆటలు సాగవు. కాంపాక్టులకు ఫిల్టరు బిగించే మర సాధారణంగా ఉండదు గనుక లెన్సు ముందు అంటించే రింగు విడిగా కొనుక్కోవాలి. ఫిల్టరును పూర్తిగా తిప్పి మెరుపంతా తీసేస్తే నల్ల కారు బొగ్గు ముద్దలా కనిపిస్తుంది, కాబట్టి బానెట్ అంచు వెంట ఒక వెలుగు గీత మిగిలేలా ఆపండి. నల్ల కారు ఫ్రేము నిండినప్పుడు కెమెరా దానిని బూడిద రంగుకు లాగుతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే వెలుతురు మోతాదును, ఒక మెట్టు తగ్గించండి.

సెల్లార్‌లో తీయకండి. పది మీటర్లు వెనక్కి జరిగే చోటు ఉండదు, పైగా ఎల్‌ఈడీ దీపాల మినుకు వల్ల ఫోటోలో చారలు పడే అవకాశం ఉంది. తప్పనిసరైతే షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచండి. సూర్యాస్తమయం తరువాతి ఇరవై నిమిషాలు శ్రేష్ఠం. బెంగళూరులో సూర్యాస్తమయం నవంబరులో ఆరుకు కాస్త ముందు, జూలైలో ఏడుకు కాస్త ముందు. ఫోటోలకు అందరూ బెంగళూరు దగ్గరి నంది కొండకు వెళ్లమంటారు. ఆదివారం ఉదయం అక్కడ మీ కారు వెనుక మరో యాభై కార్లు ఉంటాయి.

వైట్‌ఫీల్డ్ నుంచి:

జయనగర వారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక చిన్న సవరణ. కొనే ముందు మీ ఫోనులో రెండు లేదా మూడు రెట్ల లెన్సు విడిగా ఉందేమో చూసి, ముప్పై అడుగులు వెనక్కి జరిగి తీసి చూడండి. సెకండ్ హ్యాండ్ కెమెరా కొంటే, లెన్సు లోపలికీ బయటికీ కదిలేటప్పుడు దుమ్మును లోపలికి పీల్చుకుంటుందని గుర్తుంచుకోండి. దుకాణంలోనే తెల్ల గోడను ఎఫ్/11 వద్ద తీసి, తెరపై పెద్దది చేసి చూడండి. నల్లటి చుక్కలు ఉంటే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి, ఎందుకంటే ఆ దుమ్మును మనంతట మనం తుడవలేము. నేను ఒకసారి ఆ పరీక్ష చేయకుండా కొని, ప్రతి ఫోటోలో ఆకాశం మీద ఒకే చోట ఒకే మచ్చతో రెండేళ్లు గడిపాను.

బెళ్ళందూరు నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఫోనులోని మూడు రెట్ల లెన్సుతో అపార్ట్‌మెంటు గేటు దగ్గర నుంచి తీశాను, ఉబ్బు పోయింది. స్నేహితుడి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను ఫోను ముందు పట్టి తిప్పితే బాల్కనీలు కూడా చాలావరకు మాయమయ్యాయి, కానీ వెనుక అద్దం మీద చిరుత మచ్చల వంటివి తేలాయి. అద్దం పాడైందా?

జయనగర నుంచి:

పాడవలేదు. వెనుక అద్దాన్ని గట్టిపరచడానికి వేడి చేసి చప్పున చల్లారుస్తారు. అప్పుడు లోపల మిగిలిన ఒత్తిడే పోలరైజర్‌లో అలా కనిపిస్తుంది. ముందు అద్దం రెండు పొరలు అతికించినది గనుక అందులో కనబడదు. కారును కాస్త ముందు వైపు నుంచి తీయండి, ఆ మచ్చలు ఫ్రేములోకే రావు.