ఖైనీ మానిన మూడో రోజుకే మళ్లీ మొదలు: ముఠాలో ఇద్దరికి దారి చెప్పండి

యార్డు మేస్త్రి, గుంటూరు:
మిర్చి యార్డులో మా ముఠాలో ఇద్దరు ఖైనీ మానాలని గట్టిగా ఉన్నారు. పళ్లు తోమకముందే మొదటి చిటికె పడాలి, అది పడితేగానీ దొడ్డికి రాదంటారు. రోజుకి ఏడెనిమిది పొట్లాలు. నికోటిన్ గమ్ 2 ఎంజీ కొనిచ్చాం. ఒకతనికి ఎక్కిళ్లు, గుండెల్లో మంట. రెండో అతనికి అసలేమీ పట్టలేదట. మూడో రోజుకి ఇద్దరూ సున్నం డబ్బీ తీశారు. తేడా ఎక్కడొస్తోంది?

మందుల షాపు, అరండల్‌పేట:
మేస్త్రి గారూ, నమిలే తీరులో ఉంది తేడా. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ ఉమ్ముతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లూ మంటా అందుకే. అది బుగ్గ లోపలి చర్మం గుండా ఒంటికి పట్టాలి. నెమ్మదిగా పది పదిహేను సార్లు నమిలి, మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకోవాలి, అచ్చం ఖైనీ పెట్టుకున్నట్టే. చురుకు తగ్గాక మళ్లీ నాలుగైదుసార్లు నమిలి రెండో బుగ్గకి మార్చాలి. బిళ్లకి అరగంట.

రెండో అతను టీ తాగుతూ నమిలాడేమో అడగండి. ఖైనీలో సున్నం నలిపేది ఎందుకు? సున్నం క్షారం, అది కలిస్తేనే నికోటిన్ చప్పున రక్తంలోకి దిగుతుంది. టీ, కాఫీ, సోడా, నిమ్మరసం దానికి ఎదురు పనిచేస్తాయి. గమ్‌కి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. మిర్చి ఘాటు అంటిన చేత్తో బిళ్ల ముట్టుకుంటే ఏ చురుకు దేనిదో తెలీదు. రేకు నుంచి నేరుగా నోట్లోకి నొక్కుకోమనండి.

లేచిన అరగంటలోపే వేసేవాళ్లకి సాధారణంగా 4 ఎంజీ కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకి కనీసం తొమ్మిది. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. రోజుకి 24 దాటకూడదు. మనసు లాగేదాకా ఆగకుండా గడియారం చూసి వెయ్యాలి, ఎందుకంటే గమ్ ఖైనీ అంత వేగంగా ఎక్కదు. గుండె జబ్బుంటే ముందు డాక్టరుకి చూపించాలి.

కౌన్సెలర్, బెజవాడ:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దొడ్డి సంగతి చాలామంది తేలిగ్గా తీసేస్తారు, నా లెక్కలో మళ్లీ మొదలవడానికి అదో పెద్ద కారణం. నికోటిన్ ఉత్తేజకం, పేగుల్ని కూడా కదుపుతుంది. రక్తంలో ఉన్నదాంట్లో సగం సుమారు రెండు గంటల్లో తరిగిపోతుంది, తెల్లారేసరికి దాదాపు ఖాళీ. పొద్దుటి మొదటి చిటికెతో ఆ లోటు తీరడాన్నే హుషారు అనుకుంటారు. రాత్రి ఇసబ్‌గోల్ రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లతో, పొద్దున గోరువెచ్చటి నీళ్లు, పగలు ఓ జామకాయ. కొన్ని వారాల్లో అలవాటు దారిన పడుతుంది.

మానాక మొదటి రెండు మూడు రోజులు మహా కష్టం: చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. ఆ రోజులు యార్డు సెలవు మీద పడేలా చూసి ఇద్దర్నీ ఒకేసారి మొదలుపెట్టించండి. లాగుడు వచ్చినా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, అంతసేపూ సోంపో లవంగమో చాలు. ఎండు ఉసిరి పులుపు, గమ్ దరిదాపుల్లో వద్దు. వక్క అసలే వద్దు, అదీ ఉత్తేజకమే, నోటి క్యాన్సర్‌కీ కారణమే. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356, పొట్లం మీదే ఉంటుంది.

నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా, నోట్లో తెల్లటి మచ్చో ఎర్రటి మచ్చో రెండు వారాల్లో మానకపోయినా వెంటనే పళ్ల డాక్టరుకి చూపించండి.

యార్డు మేస్త్రి, గుంటూరు:
మధ్యలో ఒక్క చిటికె వేసేస్తే గమ్ ఆపెయ్యాలా?

కౌన్సెలర్, బెజవాడ:
ఆపొద్దండీ. ఉమ్మేసి, పుక్కిలించి, తర్వాతి బిళ్ల దాని వేళకి వెయ్యమనండి. వారాల లెక్క మళ్లీ మొదటికి తేవక్కర్లేదు. ఆ చిటికె ఎవరి డబ్బీలోంచి వచ్చిందో కనుక్కోండి. రెండు వారాలు ఆ మనిషి పక్కన బస్తాల పని వెయ్యకుండా చూడండి, మేస్త్రిగా అది మీ చేతిలోనే ఉంది.